మొగిలి కనుమ దీపాలు

స్విచ్చి వేయగానే రెండు దీపాలూ వెలిగాయి. ఈ ఒక్కసారికి వెలగకపోతే బాగుండునని జయరావు లోలోపల అనుకున్నాడు కూడా. కానీ అవి ఆయన మనసు కనిపెట్టి నడుచుకునే దీపాలు కావు. పసుపు అద్దాల వెనక నిక్షేపంగా వెలిగాయి.

పట్టపగలు వెలుతురు తెలియదని షెడ్డు తలుపుకు గోనెపట్టాలు కట్టించి చీకటి చేయించాడు గంగాధరం నాయుడు. ఆ చీకట్లో ఎదుటి గోడ మీద రెండు పచ్చటి గుండ్రాలు పడ్డాయి. చిత్తూరు నుంచి పలమనేరు పోయే పొద్దుటి బస్సుకు పద్దెనిమిదేళ్లుగా డ్రైవరైన ఓబయ్య, టోపీ చేత్తో పట్టుకుని, ఆ గుండ్రాల వంక చూస్తూ నిలబడ్డాడు. బస్సు ఎడమ మడ్డుగార్డు నలిగి లోపలికి పోయి ఉంది. ఆ పొద్దున మొగిలి కనుమలో రోడ్డంచు పిట్టగోడను ఒరుసుకున్న గుర్తు అది. ఇంకొక్క జానెడు పక్కకు పోయి ఉంటే ముప్పై మంది లోయలో ఉండేవాళ్లు.

"సూడు," అన్నాడు నాయుడు. నాలుగు బస్సుల యజమాని ఆయన. గొంతు పెంచకుండానే మనిషిని కూలబడేట్టు మాట్లాడగలడు. "వెలగతాండాయా లేదా?"

"వెలగతాండాయయ్యా."

"మరి ఆరిపోయినాయంటివే?"

"ఆరిపోయినాయయ్యా. రెండో మలుపు దాటినాక రెండుసార్లు కొట్టుకోని ఆరిపోయినాయి. మంచు చూస్తే గోడ మాదిరి ఉండాది. పెద్ద దీపాలు వేస్తే ఆ వెలుగంతా మంచు మీద పడి నా మొగానికే తిరిగొస్తాంది. రోడ్డంచు యాడుండాదో తెలీలేదు. పైకెక్కినాక మళ్ళా వాటంతట అవే వెలిగినాయి. జనమంతా నిద్దర్లో ఉండారు, చూసినోడు లేడు."

"వాటంతట అవే ఆరి, వాటంతట అవే వెలిగేదానికి అవేమన్నా మిణుగురు పురుగులా?"

షెడ్డులో ఉన్న నలుగురిలో ఇద్దరు నవ్వారు. ఓబయ్య నవ్వలేదు.

నాయుడు జయరావు వైపు తిరిగాడు. "నువ్వు చెప్పప్పా. మిలిటరీలో నాలుగేండ్లు లారీలకు తీగలు కట్టినోడివి. ఈ దీపాలు బిగించిందీ నువ్వే. లోపం ఏమన్నా ఉండాదా?"

జయరావు అప్పటికే అన్నీ చూశాడు. బల్బులు ఊడదీసి చెవి దగ్గర ఆడించి, లోపలి తీగ తెగలేదని తెలుసుకుని, మళ్లీ బిగించాడు. ఫ్యూజు చూశాడు. స్విచ్చి నుంచి దీపం దాకా తీగను వేళ్ల మధ్య జార్చుకుంటూ వచ్చాడు. ఎక్కడా గుడ్డతొడుగు చిరగలేదు, ఎక్కడా ముడి వదులు కాలేదు. యుద్ధం ముగిశాక మద్రాసులో మిలిటరీ సామాను వేలం వేస్తే నాయుడు ముచ్చటపడి కొనుక్కొచ్చిన దీపాలు అవి. ఇనప పట్టీ ఒకటి చేయించి, దాని మీద రెంటినీ కూర్చి, బంపరుకు బోల్టులు వేసి బిగించి సరిగ్గా నెల రోజులు. ఆ జిల్లాలో ఇంకే బస్సుకూ లేవు. మంచులో రోడ్డంచు చూపించే దీపాలు గనక వాటిని అందరూ మంచుదీపాలు అనేవాళ్లు.

"ఏం లేదయ్యా," అన్నాడు జయరావు. "దీపాలు బాగుండాయి."

ఆ మాటలో అబద్ధం వీసమంత కూడా లేదు. చూసిందే చెప్పాడు. ఎవరు మాత్రం ఇంకేం చెబుతారు? అయినా ఓబయ్య మెడ తిప్పి జయరావు వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. కోపం లేదు, భయం ఉంది.

"అయితే ఆరింది నీ కండ్లురా, ఓబయ్యా," అన్నాడు నాయుడు. "యాభై దాటినాయి, కండ్లు ఆనవు. దాంట్లో సిగ్గుపడేదేముండాది? రేపట్నించి కనుమ బండి చెంగయ్య తోల్తాడు. నువ్వు షెడ్డులో ఉండు, బండ్లు కడుగు. నిన్ను రోడ్డున పడేసేవాణ్ణి కాను. శనివారం బండ్లు చూసే ఇనస్పెట్రు వస్తాడు. నీ కండ్లు ఆనడం లేదని కాగితం రాసిస్తా. లైసెన్సు వాళ్లే తీసేసుకుంటారు."

బండ్లు కడగమన్నందుకు ఓబయ్య తల ఊపాడు. కాగితం మాట వినగానే మాత్రం టోపీ కింద పడేశాడు. ఆ కాగితం ఒకసారి ఇనస్పెట్రు చేతికి పోయిందంటే నాయుడి బస్సులే కాదు, నెల్లూరు దాకా ఏ బస్సూ ఆయన్ను దగ్గరికి రానివ్వదు. చేత్తో స్టీరింగు పట్టుకోవడం ఈ జన్మకు అంతే. అది బుధవారం. శనివారానికి మధ్యలో ఉన్నవి రెండే రోజులు.

*

గురువారం పొద్దున జయరావు ఒక బస్సు కింద పడుకుని డైనమో బెల్టు మారుస్తున్నాడు. పక్క బస్సును ఓబయ్య కడుగుతున్నాడు. బక్కెట్టు ముంచడం, విసరడం, గుడ్డతో రుద్దడం. ఆ పని కూడా ఆయన చులకనగా చేయలేదు. చక్రం మధ్యలో ఉన్న బురదను పుల్లతో గీకి మరీ తీస్తున్నాడు. మధ్యమధ్య గుడ్డ పక్కన పెట్టి, ఒక కన్ను అరచేత్తో మూసుకుని దూరంగా చూస్తున్నాడు. తర్వాత రెండో కన్ను మూసుకుంటున్నాడు. కాసేపు అలా చూసి మళ్లీ పనిలో పడుతున్నాడు. ఆయన అలా చేయడం నాలుగుసార్లు చూశాక జయరావు ఉండబట్టలేక బస్సు కింద నుంచి బయటికి వచ్చాడు.

"ఏం చేస్తాండావు ఓబన్నా?"

"ఏం లేదప్పా." గుడ్డ పిండాడు. "నీకు మిషను బడి గంట కనపడ్తాందా, ఈడ్నించి?"

"కనపడ్తాంది."

"దాని కింద తాడు ఉండాదా?"

"ఉండాది."

"కొసన ముడి?"

జయరావు కళ్లు చిట్లించాడు. "ముడి... ఉన్నట్లే ఉండాది. సరిగ్గా తెలీడం లేదు."

"ముడి ఉండాది. ముడి కింద కొంచెం పీచు లేచి ఉండాది," అన్నాడు ఓబయ్య. గెలిచినట్టు అనలేదు, నేరం ఒప్పుకున్నట్టు అన్నాడు. "నాకు అంతా కనపడ్తాంది. అయినా నమ్మకం కుదరడం లేదు జయరావూ. దీపాలు ఆరలేదని నువ్వంటివి. నువ్వు అబద్ధమాడే మనిషివి కాదు. అట్లయితే మరి, ఆ మలుపులో చీకటైపోయింది నాకొక్కడికేనా? రెప్పపాటు కండ్లు పోయి మళ్ళా వచ్చినాయా? అట్లా అవుతుందంట గదా కొంతమందికి. నాయుడయ్య చెప్పిందాంట్లో తప్పేముండాది? అట్లాంటోడు ముప్పై మందిని ఎక్కించుకోని కనుమ ఎక్కచ్చునా?"

దీపాలు ఆరాయని ఈ మనిషి ఇంకా కొట్లాడుతుంటే బాగుండేది. కొట్లాడటం లేదు. రాత్రికి రాత్రే తన కళ్ల మీద తనకే నమ్మకం పోగొట్టుకున్నాడు. పోగొట్టింది నాయుడు కాదు, జయరావు చెప్పిన ఆ ఒక్క మాట.

మధ్యాహ్నం ఓబయ్య భార్య నాగులమ్మ సంగటి తెచ్చింది. ఓబయ్య కాళ్లు కడుక్కోను పోయినప్పుడు జయరావు దగ్గరికి వచ్చి నిలబడింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాడు జయరావు. తిడితే బాగుండును.

"రాత్రంతా సూదిలో దారం ఎక్కిస్తాండాడు నాయనా," అంది. "ఎక్కించేది, పీకేది. ఎక్కించేది, పీకేది. చిన్న సూది ఇయ్యమంటాడు. ఇంకా చిన్నది లేదా అంటాడు. ఇంట్లో ఎన్ని సూదులుంటాయి? పక్కింట్లో నించి కూడా తెచ్చిస్తి. అన్నిట్లోనూ ఎక్కించినాడు. ఎక్కించి కూడా ఏడిసినాడు."

అంతే. గిన్నె మూత తీసి, ఊరుబిండి పచ్చడి చూపించి, మొగుణ్ణి కేకేసింది.

జయరావు ఆ పూట అన్నం సరిగా తినలేదు. బెల్టు మార్చిన బస్సు పక్కన కూర్చుని చేతులు తుడుచుకుంటూ ఆలోచించాడు. దీపాలు బాగున్నాయని చెప్పాడు. బాగుండటమంటే ఏమిటి? షెడ్డులో కదలకుండా నిలబడ్డ బండిలో బాగున్నాయి. ఇంజను ఆపి ఉంది, చక్రం తిరగలేదు, గుంట లేదు, మలుపు లేదు, మంచు లేదు. నాలుగేళ్లు మిలిటరీలో పనిచేసి వచ్చిన మనిషి, నిలబడ్డ బండిని చూసి పరిగెత్తే బండికి సర్టిఫికెట్టు ఇచ్చేశాడు. ఛీ, ఏం పని ఇది! దీపాలు బిగించిన నాటి నుంచి ఒక్కనాడూ ఆ బస్సెక్కి కనుమకు పోయిన పాపాన పోలేదు. ఎందుకు పోతాడు? ఆయన పని షెడ్డు. ఆయన ఇల్లు షెడ్డుకు అవతల, చర్చి వీధిలో. పలమనేరులో ఆయనకు చుట్టాలు కూడా లేరు.

సాయంత్రం నాయుడి గదికి పోయి గుమ్మంలో నిలబడ్డాడు.

"రేపు పొద్దుట బండిలో కనుమ దాకా పోయొస్తానయ్యా."

"ఏంటికి?"

"దీపాలు చూసేదానికి."

"నిన్న చూసి బాగుండాయంటివి గదప్పా. రోజుకొక మాటా?"

"నిన్న నిలబడిన బండిలో చూసినానయ్యా. పోయే బండిలో చూడలేదు."

నాయుడు ఆయన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఓబిగాడు మంచోడని నీకు జాలి. నాకు మాత్రం లేదా? నా పెండ్లికి బండి తోలినోడు వాడు. అయినా జాలితో కనుమ ఎక్కలేము. పో. చూసిరా. ఎల్లుండి పొద్దునకు కాగితం మాత్రం రాసేది రాసేదే."

*

శుక్రవారం తెల్లవారుజామున ఐదింటికి బస్సు కదిలింది. చెంగయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. పాతికేళ్ల వాడు. కనుమ బండి దొరకడమంటే నాయుడి షెడ్డులో పట్టాభిషేకంతో సమానం. నిన్న ఎలా ఉందని జయరావు అడిగితే, నిన్న మంచే లేదని, ఆ దీపాల అవసరమే పడలేదని చెప్పాడు. ఇవాళ మాత్రం బంగారుపాళ్యం దాటేసరికే గాలి చెమ్మగా తగిలింది. మొగిలి ఊరు దాటి కనుమ మొదట్లో మునీశ్వరుడి రాయి దగ్గర బండి ఆపేసరికి, ఎదర తెల్లగా దట్టమైన మంచు. దానిలోకి రోడ్డు పోయి మాయమైపోయింది.

"దిగండప్పా, మొక్కుకునేవాళ్లు," అని కేక వేసి చెంగయ్య సీటు కింద నుంచి టెంకాయ తీశాడు. అందరూ దిగారు. జయరావు కూడా దిగి కాస్త పక్కగా నిలబడ్డాడు. అది ఆయన మొక్కు కాదు, ఆయన దేవుడు వేరు. అయినా అందరూ చేతులు జోడించి నిలబడితే చేతులు కట్టుకుని నిలబడటం మర్యాద కాదని, తలకు చుట్టిన తుండుగుడ్డ విప్పి చేతిలోకి తీసుకున్నాడు. రాయి ముందు కర్పూరం వెలిగించి, ఆ పళ్లెం బస్సు ముందు మూడుసార్లు తిప్పి, చెంగయ్య టెంకాయను తల మీదికెత్తి బస్సు ముందుభాగాన గట్టిగా కొట్టాడు. టెంకాయ రెండుగా పగిలింది. నీళ్లు చిమ్మాయి. జనం మళ్లీ ఎక్కి కూర్చున్నారు. ఎవరో చంటిబిడ్డకు టెంకాయ ముక్క ఒకటి నోట్లో పెట్టారు.

జయరావు మాత్రం ఒక్క క్షణం ఆగాడు. టెంకాయ తగిలింది ఎక్కడ? చీకట్లో సరిగా కనిపించలేదు. చెంగయ్య తొందరపెట్టడంతో ఎక్కేశాడు.

మంచుదీపాలు వేశారు. ఎంత బాగా కనపడిందని! నేల నుంచి జానెడు ఎత్తున పచ్చటి వెలుగు రోడ్డు మీద పరుచుకుని, పిట్టగోడ రాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చన్నట్టు ఉంది. మొదటి మలుపు తిరిగారు. బస్సు గుంటలో పడి లేచింది. రెండో మలుపు తిరుగుతుండగా దీపాలు ఒకసారి కొట్టుకున్నాయి. మరొకసారి కొట్టుకున్నాయి. ఆరిపోయాయి.

చెంగయ్య బ్రేకు తొక్కాడు. వెనక సామాన్లు ముందుకు జారాయి, ఒక ముసలామె పెద్దగా అరిచింది. బస్సు ఆగింది. ఎడమ చక్రానికీ పిట్టగోడకూ మధ్య ఎంత చోటుందో ఎవరికీ తెలియలేదు.

"జయరావన్నా," అన్నాడు చెంగయ్య బ్రేకు మీంచి కాలు తీయకుండా. "నీ దేవుడికి నువ్వు చెప్పు, మునీశ్వరుడికి నేను చెప్తా. వెనక్కి జారకుండా ఎవరన్నా చక్రానికి రాయి పెట్టండప్పా!"

ఇద్దరు దిగి రాయి పెట్టారు. జయరావు దిగి బస్సు ముందుకు పోయాడు. ఓబయ్య చెప్పింది చెప్పినట్టు, రెండుసార్లు కొట్టుకుని రెండో మలుపులో ఆరిపోయాయి! ఇంతటి సంతోషం ఈ మధ్యకాలంలో ఆయనకు కలగలేదు. సంతోషించవలసిన చోటా అది? మంచులో, లోయ అంచున. అయినా సంతోషమే.

సంచిలోంచి రెండు తీగలు కట్టిన చిన్న బల్బు తీశాడు. ఒక తీగను దీపానికి కరెంటు వచ్చే చోట ఆనించి, రెండోదాన్ని బంపరు ఇనుముకు ఆనించాడు. బల్బు వెలిగింది. అంటే కరెంటు దీపం దాకా వస్తోంది. ఇప్పుడు రెండో తీగను బంపరు మీంచి తీసి, దీపాలు కూర్చిన పట్టీకి ఆనించాడు. బల్బు వెలగలేదు. వచ్చిన కరెంటు తిరిగి పోవాలంటే పట్టీ లోంచి బంపరు ఇనుములోకి దిగాలి. ఆ దారి తెగిపోయింది. వచ్చే తీగను ఆ రోజు షెడ్డులో అంగుళం అంగుళం తడిమాడు, తిరిగి పోయే దారి తీగ కాదు గనక తడమనే లేదు.

చేత్తో పట్టీని పట్టుకుని ఊపాడు. ఎడమ కొసన కదిలింది. బోల్టు తడిగా, జిగటగా ఉంది. అగ్గిపుల్ల గీసి చూశాడు. బోల్టు తల చుట్టూ ఎర్రటి తుప్పు. పట్టీకీ బంపరుకూ నడుమ టెంకాయ పీచు, తెల్లటి కొబ్బరి తునకలు, నాలుగైదు రోజులవి కొన్ని, ఇప్పుడే పడినవి కొన్ని. వేలు నాలుకకు రాసుకున్నాడు. తియ్యగా, కొంచెం ఉప్పగా, తుప్పు రుచిగా ఉంది.

"చెంగయ్యా! టెంకాయ దీని మీదనా కొడతారు?"

"దాని మీదనే. ముందు బంపరు కొసన కొడతా ఉంటిమి. నువ్వు ఈ పట్టీ బిగించినాక ఇది ముందుకొచ్చింది గదా. అంచు పదునుగా ఉండాది, ఒక్క దెబ్బకు రెండు చిప్పలు. మొన్న బండి అప్పగించేటప్పుడు ఓబన్నే చూపించినాడు. ఏం, కొట్టకూడదా?"

జయరావు రోడ్డు మీదే చతికిలబడి నవ్వాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు. రోజుకొక టెంకాయ చొప్పున ముప్పై దెబ్బలు తిన్నది ఆ బోల్టు, ముప్పై టెంకాయల నీళ్లు తాగింది. దెబ్బకు వదులై, నీళ్లకు తుప్పు పట్టి, గుంటల్లో ఊగి దారి తెంపుతోంది. చదును రోడ్డు మీద సర్దుకుని మళ్లీ కలుస్తోంది. షెడ్డులో కదలకుండా ఉంటే ఎందుకు ఆరుతుంది? షెడ్డులో టెంకాయ కొట్టేవాడెవడు?

చాకుతో బోల్టు చుట్టూ ఇనుము తెల్లగా తేలేదాకా గీకాడు. స్పానరుతో బిగించాడు. అది చాలదని, పట్టీ నుంచి బండి చట్రానికి విడిగా ఒక తీగ కట్టాడు. దీపాలు వెలిగాయి. లోపల కూర్చున్న వాళ్లు హమ్మయ్య అని ఒక్క గొంతుతో అన్నారు.

చెంగయ్య స్టీరింగు ముందు కూర్చుని రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "బండి నాకొచ్చిందని మొన్న ఇంట్లో పాయసం చేయించితినన్నా," అన్నాడు. "ఓబన్నకు ఈ మొగం యాడ చూపించేది?"

*

మధ్యాహ్నం షెడ్డులో దిగగానే జయరావు నేరుగా నాయుడి దగ్గరికి పోయాడు. ఓబయ్య కిటికీ బయట బక్కెట్టుతో నిలబడి ఉన్నాడు. కావాలనే గట్టిగా చెప్పాడు జయరావు. రెండో మలుపులో దీపాలు ఆరినాయని, చెంగయ్య చేతిలోనే ఆరినాయని, ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో మొత్తం చెప్పాడు.

నాయుడు విని, "అయితే టెంకాయదా తప్పు?" అన్నాడు. "టెంకాయ కొట్టొద్దంటే ఒక్కడు బండెక్కడు. నేనే ఎక్కను."

"టెంకాయది కాదయ్యా. నాది. కరెంటు దాటని రంగు మీదనే పట్టీ బిగించినా, ఇనుము గీకలేదు. టెంకాయ కొట్టే చోటని అడగకుండా బిగించినా. బండెక్కి చూడకుండా బాగుండాయని చెప్పినా. మూడూ నావే. ఓబన్న చెప్పింది అక్షరం అక్షరం నిజం."

కిటికీ బయట బక్కెట్టు నేల మీద పడ్డ చప్పుడు వినిపించింది. జయరావు బయటికి పరిగెత్తాడు. ఓబయ్య తడి నేల మీద కూర్చుని, రెండు అరచేతులూ కళ్ల మీద పెట్టుకుని ఉన్నాడు.

"ఆరినాయా?" అన్నాడు, చేతులు తీయకుండానే.

"ఆరినాయి ఓబన్నా. అందరూ చూసినారు. ముప్పై మంది."

"అట్లయితే నా కండ్లు బాగుండాయి."

"బాగుండాయి."

"బాగుండాయి," అని మళ్లీ అన్నాడు ఓబయ్య. చేతులు తీసి జయరావు మొహం చూశాడు, షెడ్డు కప్పు చూశాడు, తన తడి కాళ్లు చూసుకున్నాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. "నా చేత్తో నేనే కొడితి గదప్పా! ఇంకా గట్టిగా కొట్టాలని కొడితి! మునీశ్వరుడు ఎంత నవ్వుకోనుంటాడో!" నవ్వుతూనే ఏడ్చాడు. జయరావు కూడా పక్కన కూర్చున్నాడు. ఇద్దరి పంచెలూ తడిసిపోయాయి. ఎవరూ లేవలేదు.

నాయుడు గుమ్మంలోకి వచ్చి ఇద్దరినీ చూశాడు. "దీపాల సంగతి తేలింది. సరే," అన్నాడు. "కండ్ల సంగతి ఇంకా తేలలేదు. యాభై దాటినాయనేది అబద్ధం కాదు గదా? అనుమానం నా నోట వచ్చింది, నేనే తీర్చుకోవాల. రేపు పొద్దున ఓబయ్య తోల్తాడు. నేను పక్క సీట్లో కూచుంటా. కనుమలో నేనడుగుతా, వాడు చెప్పాల. ఒక్కటి తప్పినా కాగితం రాసేస్తా."

ఓబయ్య లేచి నిలబడ్డాడు. "అట్లనే అయ్యా," అన్నాడు.

ఆ సాయంత్రం జయరావు పట్టీ ఊడదీసి, బంపరు మీది రంగునంతా ఉప్పుకాగితంతో గీకి, కొత్త బోల్టులు వేసి బిగించాడు. చట్రానికి కట్టిన తీగను లోపలి వైపు నుంచి తీసుకుపోయాడు. బంపరు కుడి కొసన వేరుగా ఒక ఇనప మొన వేయించి, టెంకాయలన్నీ దాని మీదే కొట్టాలని చెంగయ్యకూ ఓబయ్యకూ చెప్పాడు. నాగులమ్మ పొద్దుపోయే వేళకు వచ్చి, కొంగు ముడిలోంచి నాలుగు బెల్లపుండలు తీసి ఆయన చేతిలో పెట్టి పోయింది.

*

శనివారం మంచు ముందురోజు కంటే దట్టంగా పట్టింది. ఓబయ్య మునీశ్వరుడి ముందు టెంకాయ కొట్టి, స్టీరింగు ముందు కూర్చుని, ఒకసారి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. పక్క సీట్లో నాయుడు, శాలువా కప్పుకుని నిటారుగా కూర్చున్నాడు. వెనక సీటు కమ్మీ పట్టుకుని జయరావు నిలబడ్డాడు. దీపాలు ఆరితే తన పని అయిపోతుంది, ఓబయ్య మాట తడబడితే ఓబయ్య పని అయిపోతుంది.

దీపాలు ఆరలేదు. రెండో మలుపు దాటినా కొట్టుకోలేదు.

"ముందర ఏముండాది?" అన్నాడు నాయుడు.

"కుడిపక్క మైలురాయయ్యా. కొత్తగా సున్నం వేసినారు."

నాయుడు ముందుకు వంగి, కళ్లు చిట్లించి చూశాడు. జయరావు చూశాడు. రాయి ఉంది, తెల్లగా ఉంది.

"ఇప్పుడు?"

"ఎద్దులబండి పోతాంది అయ్యా. చింతపండు మూటలు. వెనక లాంతరు కట్టుకోనుండారు. కుడి ఎద్దు కుంటతాంది."

"యాడ?"

"ఆడ అయ్యా. ఇరవై గజాలుంటాది."

నాయుడు శాలువా తొలగించి, అద్దం దగ్గరికి మొహం తెచ్చి చూశాడు. బస్సు బండిని దాటిపోయింది. లాంతరు కిటికీ పక్కనే కదిలిపోయేటప్పుడు నాయుడు ఒక్కసారి ఉలిక్కిపడ్డాడు. మళ్లీ సీటుకు ఆనుకుని కూర్చున్నాడు.

నాలుగో మలుపు దాటాక ఓబయ్య మెల్లగా బ్రేకు వేసి బస్సు ఆపేశాడు.

"ఏంటికి ఆపినావు?"

"రాయయ్యా. కొండ మీద నించి జారింది మాదిరుండాది. రోడ్డుకు నడిమద్దెన."

"యాడరా రాయి?" నాయుడి గొంతు మొదటిసారి పెరిగింది. "ఏమీ లేదాడ! రోడ్డు శుభ్రంగా ఉండాది. చూడు, భయపడిపోయినావు. నేను చెప్పిందే నిజమాయె!" అంటూ తలుపు తీసుకుని దిగి, పచ్చటి వెలుగులో గబగబా ముందుకు నడిచాడు. "ఇదో నేను నడుస్తాండా, సూడు. యాడ రాయి? యాడ..."

ఠక్కుమని చప్పుడైంది. "అబ్బా!" అని ఒక కేక. ఆయన కాలు రాయికి తగిలింది. కుంటుతూ ఒంటికాలి మీద గుండ్రంగా తిరిగాడు. బస్సులో ఎవరో నవ్వబోయి నోరు మూసుకున్నారు.

జయరావూ, ఇంకో ముగ్గురూ దిగి, మోకాలెత్తు ఉన్న ఆ రాయిని దొర్లించి పిట్టగోడకు ఆనించారు. నాయుడు పక్కన నిలబడి చూశాడు. దాన్ని చేత్తో తడిమి కూడా చూశాడు.

"జయరావూ," అన్నాడు చిన్నగా, ఇంకెవరికీ వినపడకుండా. "ఇది నీకు కనపడిందా? బండిలో ఉన్నప్పుడే?"

అబద్ధం చెబితే నాయుడి మర్యాద నిలుస్తుంది. మూడు రోజుల కింద ఒక మాట తేలిగ్గా అనేసి ఏం జరిగిందో చూశాడు గనక, జయరావు ఈసారి ఆలోచించి చెప్పాడు.

"కనపడిందయ్యా. అందరికీ కనపడింది."

నాయుడు తల ఊపాడు. వచ్చి సీట్లో కూర్చున్నాడు. పలమనేరు దాకా ఇంకొక్క ప్రశ్న అడగలేదు. దారిలో ఉన్నవి అడగకపోయినా చెప్పి ఓబయ్య ఆయన్ను చిన్నబుచ్చగలడు. ఆ పని చేయలేదు. నాయుడు రొమ్ము జేబులోంచి ఇనస్పెట్రుకు ముందే రాసిపెట్టుకున్న కాగితం తీసి, రెండుగా చించి, నాలుగుగా చించి, కిటికీలోంచి వదిలేశాడు.

పలమనేరు స్టాండులో బస్సు ఆగేసరికి పొద్దు పొడిచినా మసక విడలేదు. జనమంతా దిగిపోయారు. జయరావు దిగాడు. ఓబయ్య దిగి, ఇటుపక్కకు వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నాయుడు తలుపు దగ్గర నిలబడి కిందికి చూస్తున్నాడు. ఒక కాలు ముందుకు చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"ఓబయ్యా," అన్నాడు.

"అయ్యా."

"చెయ్యి ఇయ్యిరా. మెట్టు యాడుండాదో నాకు ఆనడం లేదు."

ఓబయ్య టోపీని చంకలో పెట్టుకుని, రెండు చేతులూ చాచాడు. "ఈడయ్యా," అన్నాడు. "ఇంకొంచెం కిందికి. ఆఁ, అంతే. దిగండి."